టమాటా అన్నాడు, నమ్మాను

కారు సీటు మీద మరక కనపడగానే మిషను స్విచ్చి నొక్కకండి. ముందు వంగి చూడండి. వాసన చూడండి. వేలితో ముట్టుకోండి. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలెవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. వాళ్లు నవ్వుతారు. ఇంత చిన్న ముక్క చెప్పడానికి ఇరవై ఏళ్ల అనుభవం కావాలా అన్నట్టు చూస్తారు. నాకు మాత్రం ఆ ముక్క నేర్చుకోవడానికి ఒక ఎండాకాలపు పగలంతా పట్టింది. ఆ పగటిపూట ఒక మనిషి నౌకరీ పోయినంత పనయింది.

ఇప్పుడు మోకాళ్లు వంగక ఇంటి పట్టున కూర్చున్నాను గానీ, నా పని రోజులన్నీ ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో గడిచాయి. కార్లు కడిగే షెడ్డు. మా ఓనరు అంతకుముందు అదే షెడ్డులో ట్రాక్టర్లు రిపేరు చేసేవాడు. హైదరాబాదు ఇటువైపు పెరుగుతోందని, రింగు రోడ్డు వస్తోందని మాట పుట్టగానే మా చుట్టుపక్కల భూముల ధరలు లేచాయి. నిన్నటిదాకా అరక కట్టిన మనిషి ఇవాళ కారు తాళం వేలికి తగిలించుకొని తిరిగేవాడు. ట్రాక్టర్లు తగ్గి కార్లు పెరిగేసరికి మా ఓనరు కూడా పానాలు పక్కన పెట్టి నీళ్ల పైపు పట్టాడు. ఆయన పిలిస్తే నేనూ చేరాను.

కార్లు పైన కడగడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా లోపలే. ప్లాట్లు చూపించడానికి వెంచర్లకు తిరిగే కార్లు కదా, ఎక్కి దిగే ప్రతి మనిషీ చెప్పులకింత ఎర్రమట్టి తెచ్చేవాడు. ఆ మట్టి కార్పెట్టు నూలులో దిగి కూర్చుంటే చేతి బ్రష్షుతో గీకి గీకి వేళ్లు వాచిపోయేవి. ఒక్క కారు లోపల శుభ్రం చేయడానికి సగం రోజు. మా ఓనరు అది చూసి, ఒకరోజు హైదరాబాదు పోయి కరెంటు బ్రష్షు కొనుక్కొచ్చాడు. చూడ్డానికి గోడకు రంధ్రం వేసే మిషనులాగే ఉంటుంది. మొనకు ములుకు బదులు అరచేయంత గుండ్రటి బ్రష్షు. స్విచ్చి నొక్కితే గిర్రున తిరుగుతుంది. మూడు రకాల బ్రష్షులు ఇచ్చారు. మెత్తది, నడిమి రకం, గట్టిది. నురగ వేసి దాన్ని కార్పెట్టు మీద ఆనిస్తే, అడుగున దాక్కున్న మట్టి నురగతో కలిసి పైకి తేలేది. ఆ నీళ్లను పీల్చే మిషనుతో లాగేస్తే కింద కొత్త కార్పెట్టు.

అది నా చేతికి వచ్చిన నాటి నుంచి నా నడకే మారిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. శేరిగూడ కాలేజీల్లో పాఠాలు చెప్పే సార్లు తమ కార్లు తెచ్చి, పక్కన నిలబడి అది నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందని అడిగేవారు. నాకు తెలియకపోయినా ఏదో ఒక అంకె చెప్పేవాణ్ని. సాయంత్రం దాన్ని తుడిచి, నా పాత చొక్కాలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ని. ఇంకెవరినీ ముట్టనిచ్చేవాణ్ని కాదు.

ఇంకెవరు అంటే ఉన్నది ఒక్క అక్కే. మా షెడ్డులో పనిచేసేది ఓనరు గాక మేమిద్దరమే. అక్కకు అప్పటికి యాభై దాటాయి. కందుకూరు వైపు ఒక ఊరు. వాళ్లది తరతరాలుగా ఊరి బట్టలు ఉతికిన కుటుంబం. ఊళ్లో ఆ పని తగ్గాక ఇబ్రహీంపట్నం వచ్చి మా దగ్గర చేరింది. కాళ్లకింద పట్టాలు కడగడం, అద్దాలు తుడవడం, ఆరేయడం ఆమె పని. మాట సూటిగా అనేది. ఎవరి మొహం చూసీ మాట మార్చేది కాదు.

ఎప్పుడైనా నేను సీటు మీద మరకతో కుస్తీ పడుతుంటే వెనక నుంచి ఏదో ఒకటి చెప్పేది. కూర మరకకు ముందు పిండి చల్లమనేది, కల్లు మరకకు ఇంకేదో అనేది.

"అక్కా, ఇది బట్ట కాదు, సీటు" అనేవాణ్ని నేను.

"సీటుకేసింది బట్ట కాదా మరి?" అనేది ఆమె.

ఒకసారి మిషను వైపు చూపించి అడిగింది. "తమ్మీ, ఆ బొంగరాన్ని ఒక్కసారి నేను పట్టి చూడనా?"

"కరెంటు పని అక్కా. షాకు కొడ్తది" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె పట్టాలు తీసుకొని కుళాయి దగ్గరికి పోయింది.

ఇక ఆ రోజు సంగతి. నడి ఎండాకాలం. పొద్దున తొమ్మిదిన్నర దాటింది. ఓ పెద్ద తెల్లకారు షెడ్డులోకి వచ్చింది. ఆ కారు మాకు బాగా తెలుసు. దాని యజమాని మా దగ్గర అందరికీ తెలిసిన ప్లాట్ల వ్యాపారి. అందరూ ఆయన్ని సారు అనేవాళ్లు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. మంచి గడియ చూడనిదే కాలు బయట పెట్టడని పేరు. ఆ కారు కొన్నాక కూడా మూడు రోజులు షోరూములోనే ఉంచి, గడియ కుదిరాకే తెచ్చుకున్నాడట. లోపల లేత గోధుమ రంగు బట్ట సీట్లు. వాటి మీది ప్లాస్టిక్ కవర్లు తీసి నెల కూడా కాలేదు. ఆ కారులో పల్లీలు తిన్నందుకు అంతకుముందున్న డ్రైవరును తీసేశాడు.

అప్పటి డ్రైవరు యాచారం దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. బక్కగా ఉంటాడు. చేరి రెండు నెలలు. ఆ రోజు అతను దిగిన తీరే వేరుగా ఉంది. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పిపోయి ఉన్నాయి. భుజం మీద ఎప్పుడూ ఉండే తువ్వాలు లేదు.

"అన్నా, వెనక సీటు మీద టమాటా డబ్బా పగిలింది. జర జల్ది చెయ్యి. మూడు గొట్టంగ సారును ఎక్కించుకోవాలె. పట్నం నుంచి ప్లాట్లు కొనే పార్టీ వస్తున్నరు" అన్నాడు.

వెనక తలుపు తీశాను. సీటు మీద కారు తుడిచే గుడ్డ పరిచి ఉంది. గుడ్డ ఎత్తితే సీటు సగం మేర ఎర్రటి తడి. కింద కార్పెట్టు కూడా తడిసి ముద్దయింది. టమాటా అన్నాడు, ఎర్రగా ఉంది. అంతే, నా కన్ను నా చెవి మాట విన్నది. యాచారం వైపు నుంచి కూరగాయల డబ్బాలు రోజూ వచ్చేవే కదా అనుకున్నాను. వంగి చూడలేదు. ముట్టుకోలేదు. నేను మిషను పనివాణ్ని, మరకలు చూసుకుంటూ కూర్చునేవాణ్ని కాదని నా ధీమా.

బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, షాంపూ కలిపాను. తొందరన్నాడు కదా అని గట్టి బ్రష్షు బిగించాను. స్విచ్చి నొక్కాను. నురగ గులాబీ రంగులో లేచింది. చూడ్డానికి బాగుంది కూడా. డ్రైవరు గోడకు ఆనుకొని నిలబడి నావైపే చూస్తున్నాడు. నేను అతనికి వినపడేలా, "పది నిమిషాలల్ల అయిపోతది, బేఫికర్‌గ ఉండు" అన్నాను.

పది నిమిషాలకు నురగ తుడిచి చూస్తే ఎరుపు పోయి గోధుమ రంగు వచ్చింది. మరక పోవలసింది పోయి మరింత వెడల్పయింది. ఇంకొంచెం వేడినీళ్లు పోసి ఇంకాస్త నొక్కి తిప్పాను. అంచు ముదిరి ఉంగరంలా తేలింది.

అక్క పట్టాలు తీసుకోవడానికి అవతలి తలుపు తీసింది. పట్టా ఎత్తబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏం మరక గిది?"

"టమాటా."

"గింజలేవి?"

"ఏం గింజలు?"

"టమాటకు గింజలుంటయి కద. ఒక్కటి జూపెట్టు."

వంగాను. అప్పుడు వంగాను. సీటంతా వెతికాను. ఒక్క గింజ లేదు, ఒక్క తొక్క లేదు. అక్క అప్పటికే నన్ను వదిలేసి డ్రైవరు వైపు తిరిగింది.

"పిల్లనా, పిలగాడా?" అని అడిగింది.

డ్రైవరు గోడ పక్కనున్న పాత టైర్ల మీద కూలబడ్డాడు. "పిల్ల" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మిషను ఇంకా నా చేతిలో తిరుగుతూనే ఉంది. అక్క నా మాట కోసం ఆగలేదు. గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేసింది. ఆ నిశ్శబ్దంలో డ్రైవరు చెప్పడం మొదలుపెట్టాడు.

పొద్దున సారు చుట్టాలను యాచారంలో దింపి ఖాళీ కారుతో వస్తున్నాడట. రోడ్డు మీద ఒక ఆటో చెడిపోయి ఆగి ఉంది. పక్కన ఒక ముసలామె రెండు చేతులూ ఊపుతూ రోడ్డుకు అడ్డం నిలబడింది. ఆటోలో ఆమె కోడలు. నొప్పులు పడుతోంది.

"సారుకు ఫోన్ జేసిన అన్నా. ఎత్తలే. మళ్ల జేసిన. మూడుసార్లు జేసిన. ఆమె ఒర్రుడు నాకు వినబుద్ధి గాలే. ఎట్లైతే గట్లైతదని ఎక్కించుకున్న. దవాఖాన ఇంకింత దూరం ఉన్నదనంగ అత్త ముందుకు వంగి బండి ఆపమన్నది. ఆపిన. నేను బయట నిలబడ్డ, అటు తిరిగి. జరసేపటికి లోపల పిల్ల ఏడ్చింది."

"తల్లి?" అని అడిగింది అక్క.

"మంచిగనే ఉన్నది. ఇద్దర్ని దవాఖానల దింపి సీద ఇటే వచ్చిన. నా తువ్వాల గూడ పిల్లకే చుట్టిన."

"మరి టమాటా అని ఎందుకు చెప్పినవ్?" అన్నాను నేను. కోపంగానే అన్నాను. నా తప్పును అతని మీద వేయడానికి దొరికిన సందు అది.

"పురుడంటే మైల అని మీరు బండి ముట్టరేమో అనుకున్న" అన్నాడు తల వంచుకొని.

అక్క చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంది. "ముట్టక ఏం జేస్తం? మనందరం గట్ల వచ్చినోళ్లమే" అంది. తరవాత నావైపు తిరిగింది. "నెత్తుటి మరక మీద వేడినీళ్లు పోసినవ్. ఉడికిచ్చినవ్ దాన్ని. నేనెన్ని పురుటి బట్టలు ఉతికిన్నో నీకెరుకనా? ఒక్కమాట నన్నడిగితే నీ మిషను అరిగిపోతుండెనా?"

మిషను కింద పెట్టాను.

మాటలు విని మా ఓనరు లోపలి నుంచి వచ్చాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. సీటు చూశాడు, డ్రైవరును చూశాడు, నన్ను కొంచెం ఎక్కువసేపు చూశాడు. "ఈ బండి తేడా వస్తే ఆయన పది బండ్లు ఇంకో షెడ్డుకు పోతయి" అన్నాడు. తరవాత అక్కను అడిగాడు. "ఏం గావాలె?"

"చల్లటి నీళ్లు. ఉప్పు. పాత నూలుగుడ్డలు."

ఉప్పు పక్కన టీ హోటల్లో దొరికింది. గుడ్డలు మా దగ్గరే ఉన్నాయి. చల్లటి నీళ్లకే వచ్చింది తంటా. ఆ కాలంలో మా పైట్యాంకు నీళ్లు పది గంటలకే చేయి పెట్టలేనంత కాగిపోయేవి. మేము తాగే రంజను కుండలో నీళ్లు తీస్తే రెండు బకెట్లు కూడా కాలేదు. మా ఓనరు స్కూటరు తీసుకొని వెళ్లాడు. పావుగంటకు కాళ్ల మధ్య గోనెసంచితో తిరిగొచ్చాడు. సంచి నిండా మంచుగడ్డ, చెరువు చేపలు అమ్మేవాళ్ల దగ్గర అడిగి తెచ్చింది. సంచిలోంచి ఆయన ప్యాంటు మీదికి నీళ్లు కారుతున్నాయి. చేపల వాసన కూడా వచ్చింది. ఆ మంచును పైట్యాంకు నీళ్లలో వేసి, బకెట్ల మీద బకెట్లు చల్లబరిచాం.

ఆ తరవాత మూడు గంటలు షెడ్డు అక్కదే. మా ఓనరు చాలా రోజుల తరవాత పానాలు తీసి వెనక సీటు బోల్టులు విప్పాడు. మేమంతా కలిసి సీటును బయట వేపచెట్టు నీడకు చేర్చాం. అక్క ఉప్పునీళ్లలో గుడ్డ ముంచి మరక మీద పరిచేది. అరచేత్తో అదిమేది. ఎత్తి చూసేది. గుడ్డ మారుస్తూ, అంచు నుంచి నడిమికి వస్తూ మళ్లీ అదిమేది. నేను సాయం చేద్దామని ఓ గుడ్డ తీసుకొని రుద్దబోతే చేతి మీద ఒక్కటేసింది.

"రుద్దకు. రుద్దితే లోపలికి దిగుతది. అద్ది తియ్యాలె. నువ్వు కార్పెట్టు కాడికి పో. ఆ బొంగరానికి మెత్తది బిగించు. నెమ్మదిగ తిప్పు. నీళ్లు చల్లటియే."

ఆమె చెప్పినట్టే చేశాను. మిషను గురించి ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కార్పెట్టు దట్టమైన నూలు. దాని అడుగుకు దిగిన తడిని ఎవరి చేతులూ మూడు గంటల్లో బయటికి తేలేవు. మెత్తటి బ్రష్షును తక్కువ వేగంలో, బరువు పెట్టకుండా తిప్పితే నూలు పోగు పోగూ విడిపోయి, ఉప్పునీళ్లు లోపలికంటా వెళ్లి, మరక నురగలోకి వచ్చేసింది. పీల్చే మిషనుతో లాగాను. మళ్లీ చల్లటి నీళ్లు, మళ్లీ బ్రష్షు. నాలుగో విడతకు నీళ్లు తెల్లగా వచ్చాయి. తప్పు మిషనుది కాదు, పొద్దున దాన్ని పట్టుకున్నవాడిది.

కార్పెట్టు అయ్యేసరికి సీటు మీద ఎరుపంతా పోయింది. కానీ నేను గట్టి బ్రష్షుతో తిప్పిన చోట బట్ట మీది నూగు చిక్కుపడి బొబ్బలా లేచి ఉంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో ఒకే దిక్కుకు దువ్వాలి. నేను మిషను ఎత్తాను. మళ్లీ పాడుచేస్తానేమోనని రెండుసార్లు ఆనించి రెండుసార్లూ తీసేశాను.

"నాకియ్యి" అంది అక్క.

ఇచ్చాను. షాకు సంగతి ఈసారి ఇద్దరం ఎత్తలేదు. ఆమె రెండు చేతులా పట్టుకొని నొక్కింది. బ్రష్షు ఒక్కసారి చేతిలోంచి పక్కకు లాక్కుపోయి బకెట్టుకు తగిలింది. నీళ్లు మా ఓనరు మీద పడ్డాయి. ఆయన ఎలాగూ తడిసే ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేదు. రెండోసారి మణికట్టు బిగించి పట్టింది. మూడోసారికి మిషను ఆమె చెప్పినట్టు వింటోంది. నేను వారం రోజుల్లో నేర్చుకున్నది ఆమెకు ఒక బకెట్టు నీళ్లు అయ్యేలోపు వచ్చేసింది. నూగు అంతా నున్నగా పడుకుంది.

అంతా అయ్యాక ఇద్దరం దూరం నుంచి చూశాం. సీటు బాగుంది. ఒక్క చోట మాత్రం, మొదట నేను వేడినీళ్లు పోసిన దగ్గర, పళ్లెమంత లేత గోధుమ ఉంగరం మిగిలింది. తెలిసినవాళ్లకు తప్ప కనపడదు. ఆరాక మరి కాస్త కనపడవచ్చు.

"అది ఇగ పోదు" అంది అక్క. "నెత్తుటిది ఎప్పుడో పోయింది. ఇది నీది."

సీటును రెండు డ్రమ్ముల మీద ఎండలోకి ఎత్తాం. ఒంటిగంటన్నర అయింది. మూడింటిదాకా ఎండితే చాలనుకున్నాం. డ్రైవరు మాకు టీ తెచ్చాడు. అప్పుడే అతని ఫోను మోగింది. విని, టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"సారు. పార్టీ ముందుగాల్నే వచ్చేసిండ్రట. నేనెక్కడున్ననో చెప్పిన. ఇటే వస్తుండు."

ఆయన పదినిమిషాల్లో వేరే ఎవరి కారులోనో వచ్చి దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. తలుపులన్నీ తెరుచుకొని ఉన్న తన కారును చూశాడు. ఎండలో డ్రమ్ముల మీద కూర్చున్న తన సీటును చూశాడు.

"గిదేంది? సీటు బయటెందుకున్నది?"

ఆయన సీటు దగ్గరికి వెళ్లాడు. వేలితో ముట్టాడు. వంగి చూశాడు. పొద్దున నేను చేయవలసిన పని ఆయన చేశాడు.

"ఏం పడ్డది దీని మీద?"

డ్రైవరు నావైపు చూశాడు. అతని మొహం చూసి నాకు జాలేసింది. "టమాటా సార్" అన్నాను.

అక్క గుడ్డ పిండుతూ తల ఎత్తకుండానే అంది. "టమాటా గాదు సారు. ఆడపిల్ల పడ్డది. ఈ పొద్దే భూమ్మీద పడ్డది."

ఆయన ఒకరి తరవాత ఒకరి మొహాలు చూశాడు. ఇక దాచేదేమీ లేదని డ్రైవరు ముందుకు వచ్చి, ఆటో దగ్గర నుంచి దవాఖాన దాకా ఒక్క గుక్కలో చెప్పేశాడు. చెబుతుంటే సారు మొహం ఎర్రబడింది.

"నా బండిల? నన్నడగకుండ?"

"ఫోన్ జేసిన సార్. మూడుసార్లు జేసిన."

సారు జేబులోంచి ఫోను తీశాడు. బటన్లు నొక్కాడు. చాలాసేపు దానివైపే చూశాడు. మూడు కాల్స్ అందులో ఉన్నాయని ఆయన మొహమే చెప్పింది. తల ఎత్తి డ్రైవరును అడిగాడు. "ఎన్ని గొట్టంగ పుట్టింది?"

"బండి గడియారంల తొమ్మిదీ పది సార్."

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముహూర్తాలు పెట్టే అయ్యగారికి చేస్తున్నాడని మాకు అర్థమైంది. ఆ గడియ మంచిదైతే డ్రైవరు ఉంటాడు, కాకపోతే పోతాడు. అవతల ఫోను మోగుతున్న చప్పుడు మా దాకా వినిపిస్తోంది. మోగుతూనే ఉంది. అయ్యగారు ఎత్తడం లేదు. డ్రైవరు రెండు చేతులూ కట్టుకొని నిలబడ్డాడు.

"సారు" అంది అక్క.

ఆయన ఫోను చెవికి ఉంచుకునే ఆమె వైపు చూశాడు.

"ఒకేళ గడియ మంచిది గాదంటే, పిల్లను మళ్ల లోపలికి పంపుతరా?"

మా ఓనరుకు దగ్గు వచ్చింది. నేను నేల చూశాను. పది బండ్లూ పోయాయి, నా నౌకరీ కూడా పోయింది అనుకున్నాను. తరవాత సారు పొట్ట కదిలింది. ఆయన నవ్వుతున్నాడు. ఆయన్ని అన్నేళ్లలో నవ్వగా నేను చూడలేదు. ఆగలేక ఆగలేక, కళ్లు తుడుచుకొని, మోగుతున్న ఫోను కట్ చేసేశాడు.

"మంచిగడిగినవ్ అక్కా" అన్నాడు. డ్రైవరు వైపు తిరిగాడు. "నేను ఫోనెత్తకపోతే ఇంకోసారి ఏం జేస్తవ్?"

డ్రైవరు తల దించుకున్నాడు.

"గిట్లనే జెయ్యి. గని నాకు టమాటా అని చెప్పకు." తరవాత నాతో అన్నాడు. "సీటు ఎప్పుడు ఎండుతదో గది చెప్పు."

"గంట పడ్తది సార్."

గంటసేపూ ఆయన మా ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాడు. పట్నం పార్టీని హోటల్లో భోజనానికి కూర్చోబెట్టమని ఎవరికో ఫోను చేశాడు. అక్కను పిలిచి ఉప్పు ఎందుకు, మంచు ఎందుకు అని అడిగాడు. ఆమె చెప్పింది. నేను పక్కన నిలబడి విన్నాను. అన్నేళ్లూ నా వెనక నుంచి చెప్పిన మాటలే. నేను శ్రద్ధగా వినడం మాత్రం అదే మొదటిసారి.

సీటు బిగించేసరికి పైన ఆరింది, లోపల కాస్త చెమ్మ ఉంది. మడిచిన తువ్వాలు ఒకటి వేశాం. సారు ఆ ఉంగరం మచ్చను చూసే ఉంటాడు. పట్నం వాళ్లకు కనపడకుండా ఆయనే సరిగ్గా దాని మీద కూర్చొని వెళ్లాడు.

తరవాత తెలిసింది, ఆ రోజు పార్టీకి ప్లాట్లు చూపిస్తూ దారిలో ఆ కథంతా ఆయనే చెప్పాడట. ఆ తరవాత ఎవరికి ప్లాటు చూపించినా ముందు ఆ కథ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా, తన ఫోను మోగిన సంగతి అందులోంచి జారిపోయింది. డ్రైవరుకు ఎక్కించుకోమని చెప్పింది తానేనని కూడా ఒకసారి చెప్పాడని విన్నాను. పోనీ. డ్రైవరు ఆయన దగ్గరే ఏళ్ల తరబడి ఉన్నాడు. పది బండ్లూ మా దగ్గరికే వచ్చాయి. మర్నాటి నుంచి బీరువా తాళం చెవి మేకుకు తగిలించి ఉంచాను. సీటు మరకలు అక్కవి, కార్పెట్లు నావి. మరక వస్తే ముందు ఆమెను పిలిచేవాణ్ని. ఆమె పని మానుకున్న తరవాత కూడా, కొత్త కారు తలుపు తీసినప్పుడు మిషను కింద పెట్టి, ముందు వంగి చూడడం అలవాటుగా మిగిలింది.

ఆ సాయంత్రం పని అయ్యాక అక్క చేతులు కడుక్కుంటూ, "పిల్లను చూసొద్దాం నడువు" అంది. దవాఖాన నడిచిపోయేంత దూరమే. దారిలో రెండు బన్ను ప్యాకెట్లు కొన్నాం.

ఆ ముసలామె మంచం పక్కన నేల మీద కూర్చొని ఉంది. పిల్ల ఆమె ఒళ్లో డ్రైవరు తువ్వాల్లోనే నిద్రపోతోంది. తల్లికి ఇరవై కూడా ఉండవు. పాలిపోయిన మొహం, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. మేమెవరమని ఆ అత్త అడిగింది. బండి కడిగినవాళ్లం అని చెప్పాను.

అది వినగానే ఆ పిల్లతల్లి మంచం మీద లేవబోయింది.

"అన్నా, బండి ఖరాబైందా? గంత మంచి సీటు. పొద్దుగాలటి సంది నాకు అదే పరేషాన్. ఆయనను సారు నౌకరీల కెల్లి తీసేసిండా?"

"పొద్దటి సంది గిదే ఏడుపు" అంది అత్త. "కన్ను ముయ్యలే. ముద్ద ముట్టలే."

"నౌకరీకి ఏం గాలేదమ్మా. సారు ఏమనలేదు" అన్నాను.

"సీటు? మచ్చ పోయిందా?"

నేను నోరు తెరిచాను. పళ్లెమంత ఉంగరం నా కళ్ల ముందు కదిలింది. అక్క ఎదురుగా అబద్ధం ఆడే ధైర్యం నాకు ఆ రోజుకు అయిపోయింది. నేను నీళ్లు నములుతుంటే అక్కే మంచం మీద కూర్చొని ఆమె తల నిమిరింది.

"పోయింది బిడ్డా. మచ్చ లేదు, ఏం లేదు. అద్దం లెక్క ఉన్నది. ఎవలన్న ఎక్కి కూసుంటే జారి పడ్తరు."

ఆ తల్లి కాస్త నవ్వింది. దిండు మీద తల వాల్చింది. బన్ను తుంచి సగం తిన్నది. మేము లేచేలోపే ఆమె కళ్లు మూతపడ్డాయి.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అక్కా, సారు ముంగట నన్ను ఒక్క టమాటా చెప్పనియ్యలే. ఈడ నువ్వు అద్దం అన్నవ్."

అక్క చెప్పులు వేసుకుంటూ అంది. "మచ్చ ఉన్నదని చెప్తే ఆ బాలెంత రేపు పొద్దుగాల లేచి సీటు కడుగనీకి వస్తది."